డీజిల్ పొగ: నలుపు చూసి, బరువు తూచి, చివరికి లెక్కపెట్టి

డీజిల్ బండి నల్లటి పొగ వదలకపోతే చాలు, ఇంజిన్ బాగున్నట్టే అని చాలాకాలం అనుకున్నారు. తొలి పరీక్షలూ అలాంటివే. కొంత పొగను తెల్లటి ఫిల్టర్ కాగితం గుండా లాగి మరక ఎంత నల్లగా పడిందో చూసేవారు. లేదంటే పొగకు అడ్డంగా కాంతి పంపి, ఎంత ఆగిపోయిందో కొలిచేవారు.

తర్వాత తూకం వచ్చింది. అమెరికా 1982 మోడల్ డీజిల్ కార్లకు మైలుకు 0.6 గ్రాముల పొగ కణాల పరిమితి పెట్టింది. యూరప్‌లో బండ్ల పొగకు పెట్టిన ప్రమాణాల్లో మొదటిదైన 1992 నాటి యూరో 1 కిలోమీటరుకు 0.14 గ్రాములంటే, 2009 నాటి యూరో 5 దాన్ని 0.005కి దించింది. పొగను గాలితో కలిపి పలచన చేసి, ఫిల్టర్ మీదికి పంపి, ముందూ వెనకా బరువు చూడటమే పద్ధతి. ఇంజిన్లు శుభ్రపడేకొద్దీ ఆ తేడా ఎంత చిన్నదైందంటే, ఫిల్టర్‌కు అంటుకునే ఆవిరి కూడా లెక్కను తారుమారు చేయగలదు.

అసలు లోపం మరోచోట ఉంది. వంద నానోమీటర్ల కణం ఒక్కటి, అదే పదార్థంతో ఏర్పడిన పది నానోమీటర్ల కణాలు వెయ్యింటితో సమానంగా తూగుతుంది. ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరగల ఆ సన్నకణాలు తూకంలో దాదాపు లేనట్టే. ఈ సంగతిని ముందుగా గట్టిగా పట్టించుకున్నది సొరంగాలు తవ్వే కార్మికుల కోసం 1990లలో స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, జర్మనీ సంస్థలు నడిపిన వెర్ట్ ప్రాజెక్టు. మూసుకున్న చోట రోజంతా ఆ పొగ పీల్చేవాళ్ల నుంచి ఈ ప్రశ్న మొదలవడం న్యాయమే.

2001లో ఐక్యరాజ్యసమితి యూరప్ ఆర్థిక సంఘం ఆధ్వర్యంలో కణాల కొలత కార్యక్రమం మొదలైంది. అక్కడ రూపుదిద్దుకున్న పద్ధతిలో పొగను 300 డిగ్రీలకు పైగా వేడిచేసి తేలిగ్గా ఆవిరయ్యేవాటిని పోగొడతారు. మిగిలిన గట్టి కణాల మీద బ్యూటనాల్ ఆవిరి పేరుకుని అవి బిందువులుగా ఉబ్బుతాయి. లేజర్ కాంతిలో ఒక్కో బిందువునూ లెక్కిస్తారు. యూరో 5 రెండో దశలో, 2011 నుంచి, కొత్త డీజిల్ కారు నమూనాలకు కిలోమీటరుకు 60 వేల కోట్ల కణాల పరిమితి వచ్చింది. దాన్ని అందుకోవాలంటే పొగగొట్టంలో కణాల ఫిల్టర్ దాదాపు తప్పనిసరి. మరుసటి ఏడాదే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదిగా ప్రకటించింది.

ఆ లెక్క 23 నానోమీటర్ల దగ్గరే ఆగేది, అంతకన్నా చిన్న కణాలు అందులోకి వచ్చేవి కావు. యూరో 7 దాన్ని 10కి దించింది. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైంది రోడ్డు మీదున్న బండి తనిఖీ. ఫిల్టర్ పగిలినా, పీకేసినా పాత కాంతి పరీక్షలో బండి నెగ్గిపోవచ్చు. అందుకే నెదర్లాండ్స్ 2023 జనవరి నుంచి, ఫిల్టర్‌తో వచ్చిన డీజిల్ బండ్ల తనిఖీలో ఇంజిన్ ఖాళీగా తిరుగుతుండగానే పొగగొట్టం దగ్గర కణాలను లెక్కపెట్టిస్తోంది.