సముద్ర తాబేళ్ల గురించి హేచరీ దగ్గర మేం వినే మాటలు: అపోహలు - వాస్తవాలు

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఆంధ్ర తీరానికి వస్తాయి. ఆ మూడు నెలలూ అర్ధరాత్రి దాటాక ఒడ్డు వెంట నడిచి, గుడ్లు వెతికి హేచరీకి, అంటే వాటిని కాపాడి పిల్లలయ్యేదాకా ఇసుకలో పాతి ఉంచే చోటికి, చేర్చడం నా పని. చూడడానికి వచ్చేవాళ్లు చెప్పే మాటల్లో కొన్నింటికి జవాబు రాయాలనిపించింది.

అపోహ: తాబేలు నీళ్లలో ఉండే, ఒడ్డున పెట్టిన గుడ్లను తలపుతో పొదుగుతుంది.

చిన్నప్పటి నుంచి ప్రవచనాల్లో విన్న మాట ఇది. గురువు దూరం నుంచే శిష్యుణ్ణి కాపాడతాడని చెప్పడానికి ఎంతో అందమైన పోలిక. కానీ గుడ్లను పొదిగేది ఇసుక వేడి. తల్లి వెనక కాళ్లతో మూరెడు లోతున కూజాలాంటి గుంట తవ్వి, నూరు దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పుతుంది. ఒళ్లు అటూ ఇటూ ఊపుతూ పొట్టతో ఆ ఇసుకను అణగ్గొట్టి వెళ్లిపోతుంది. మళ్లీ వచ్చి చూసుకోదు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఆడా మగా తేల్చేది కూడా ఇసుకే: వేడెక్కువైతే ఆడ పిల్లలు, చల్లగా ఉంటే మగ పిల్లలు. మరీ వేడెక్కితే గుడ్లే పాడవుతాయి. అందుకే ఎండలు ముదిరాక హేచరీ మీద నీడ కడతాం.

అపోహ: గుడ్లు పెట్టేటప్పుడు నొప్పికి ఏడుస్తుంది.

ఒంట్లో ఎక్కువైన ఉప్పును కళ్ల దగ్గరున్న గ్రంథులు అలా బయటికి పంపుతాయి. సముద్రంలోనూ అంతే, ఒడ్డుకొచ్చినప్పుడు మన కంట పడుతుంది.

అపోహ: గుడ్లు కనిపిస్తే వెంటనే తీసుకెళ్లి ఎక్కడైనా పాతిపెడితే చాలు.

పెట్టిన కొద్ది గంటల్లోనే లోపలి పిండం పెంకు పైభాగానికి అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు తిరగబడితే పిండం చచ్చిపోతుంది. ఒకసారి ఒక కుర్రాడు మధ్యాహ్నం వేళ గుడ్లను సంచిలో వేసుకుని బైక్ మీద తెచ్చాడు. ఎంతో సంతోషంగా ఇచ్చాడు. పాతాం, రోజులు లెక్కపెట్టాం. అరవయ్యో రోజున తవ్వితే ఒక్కటీ పిల్ల కాలేదు. అతనికి ఆ సంగతి చెప్పడం చాలా కష్టమైంది. గుడ్లు కనిపిస్తే చెయ్యి పెట్టకుండా అటవీ శాఖకు కబురు చేయండి. అసలు తల్లి పెట్టిన చోటే వదిలేయడం అన్నిటికన్నా మేలు. కుక్కలు, నక్కలు తవ్వేసే చోట, అలలు కోసేసే చోట మాత్రమే హేచరీ అవసరం.

అపోహ: పిల్లల్ని చేత్తో తీసుకెళ్లి నీళ్లలో వదిలితే పుణ్యం.

వాటిని ఇసుక మీద నడవనివ్వండి. బొడ్డు దగ్గర మిగిలిన సొనే మొదటి రోజుల ఈతకు వాటికున్న బలం. ఫొటోల కోసం బకెట్ నీళ్లలో ఉంచితే, ఈదీ ఈదీ ఆ బలమంతా అక్కడే ఖర్చైపోతుంది. సెల్‌ఫోన్ లైట్లూ వద్దు. వెలుతురు ఎటుంటే పిల్లలు అటే పోతాయి. ఒడ్డున రిసార్ట్ దీపాలు వెలిగే చోట అవి రోడ్డెక్కడం చూశాను.

అపోహ: ఒడ్డుకు కొట్టుకొచ్చే తాబేళ్లు ముసలివై చనిపోయినవి. సముద్రంలో బతికేవి నీళ్లలో మునిగి చస్తాయా?

చస్తాయి. వాటికున్నవి ఊపిరితిత్తులు, గాలి కోసం పైకి రావాల్సిందే. మర బోటు ట్రాల్ వలను గంటల తరబడి అడుగున లాగుతుంది. అందులో చిక్కి గింజుకునే తాబేలుకు ఊపిరి తొందరగా అయిపోతుంది. మెడ ఉబ్బి, కళ్లు పొడుచుకొచ్చి ఒడ్డుకు చేరిన ఒకదాన్ని పశువుల డాక్టరు నా ముందే కోశారు. కడుపు నిండా పెంకు కట్టిన తెల్లటి గుడ్లు. ఆ రాత్రో మర్నాడో ఒడ్డెక్కాల్సిన తల్లి. తాబేలు గుడ్లు పెట్టే ఈడుకు రావడానికి పదేళ్లకు పైనే పడుతుంది. అలాంటి తల్లి పోతే, హేచరీలో నేను వదిలే పిల్లలతో ఆ లోటు ఇప్పట్లో పూడదు.

దీనికి మత్స్యకారులందర్నీ తిట్టడం మరో పొరపాటు. తెప్పల మీద వెళ్లేవాళ్లలో చాలామంది, తాబేలు చిక్కితే కూర్మావతారమని దండం పెట్టి, సొంత వల కోసి మరీ వదిలేస్తారు. నాతో రాత్రిళ్లు నడిచేది కూడా వాళ్ల పిల్లలే. తాబేలు తప్పించుకునేలా ట్రాల్ వలలో బిగించే ఇనుప చట్రం ఉంది, టెడ్ అంటారు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గట్టు ఒకటి తయారు చేసింది. ఆ దారిలో పెద్ద చేపలూ పోతాయని బోటు యజమానుల భయం. అది అబద్ధపు భయం కాదు, ఆ నష్టానికి సాయం అందాలి. టెడ్ వాడకపోవడం వల్లే 2019లో మన సముద్రపు రొయ్యలకు అమెరికా మార్కెట్ మూసుకుపోయింది.

అపోహ: ఏటా వేట నిషేధం ఉంది కదా, తాబేళ్లకు అది చాలు.

ఆ నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అది చేపలు గుడ్లు పెట్టే కాలం కోసం పెట్టింది. అప్పటికి మా హేచరీలో చాలా గుంటలు ఖాళీ అయిపోతాయి. తల్లులు ఒడ్డుకు దగ్గరగా తిరిగేది అంతకు ముందే. ఒడిశాలో దేవి, ధామ్రా, రుషికుల్య నదుల మొగల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట ఆపుతారు. మన దగ్గర ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మర బోట్లు వేటాడకూడదని 1994 నాటి రాష్ట్ర సముద్ర వేట నియంత్రణ చట్టం కింద నియమం ఉంది. జనవరి నుంచి మార్చి దాకా ఆ గీత దగ్గర రాత్రి కాపలా పెట్టమని మేం ఏటా అడుగుతున్నాం. ఈసారీ అర్జీ ఇచ్చాం.