దగ్గుతున్న బిడ్డకు హిలోట్ వద్దు: అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం మళ్ళీ అదే. మా వీధి అమ్మాయి పదకొండు నెలల బాబుని ఎత్తుకుని వచ్చింది. మంచం మీంచి పడ్డాడట, మూడో రోజుకి దగ్గు, జ్వరం. "పియాంగ్ అయ్యుంటుంది, కాస్త హిలోట్ చెయ్యండి" అంది. హిలోట్ అంటే ఫిలిప్పీన్స్ వాళ్ల సంప్రదాయ మసాజ్. తొమ్మిదేళ్లుగా ఇక్కడి దవావో నగరంలో మసాజ్ పనిలో ఉన్నాను, ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కే లేదు.

పియాంగ్ అనేది ఇక్కడి బిసాయా భాషలో మాట, మనీలా వైపు పిలాయ్ అంటారు. బెణికినా, కీలు తప్పినా, ఎముక విరిగినా అదే మాట వాడేస్తారు. అక్కడితో ఆగినా బాగుండేది. పసిబిడ్డ పడితే లోపల ఏదో తప్పుతుందని, దగ్గూ జ్వరమూ దానివల్లే వస్తాయని నమ్మకం. అందుకే ముందు హిలోట్ చేసేవాళ్ల దగ్గరికి పరుగు. కొబ్బరినూనె వెచ్చచేసి వీపు రుద్దితే బిడ్డ హాయిగా నిద్రపోతాడు, తల్లికి తగ్గిందనిపిస్తుంది, ఛాతీలో నిమ్ము మాత్రం పెరుగుతూనే ఉంటుంది. బిడ్డకు ప్రాణం మీదికి వచ్చేది అలా గడిచిపోయిన రెండు మూడు రోజుల్లోనే.

నేను నూనె సీసా ముట్టుకోలేదు. బాబు చొక్కా పైకెత్తి, ఫోన్‌లో టైమర్ పెట్టి, ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట లేచి పడటం పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాను. 62. డొక్కలు లోపలికి పోతున్నాయి. రెండు నెలలు నిండి ఏడాది లోపు పిల్లలకి నిమిషానికి 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు వాళ్లకి 40, ఆ లెక్కకి చేరినా దాటినా నిమోనియా అనుమానించాలి. డొక్కలు ఎగరేస్తుంటే ఇక ఆలోచించొద్దు. రెండు నెలలు కూడా నిండని పసికందుకి జ్వరమొస్తే లెక్కలతో పనిలేదు, నేరుగా ఆస్పత్రికే.

ట్రైసికిల్ పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్లాం. నిమోనియానే, ఆక్సిజన్ పెట్టారు, ఇప్పుడు బాగున్నాడు. ఆ అమ్మాయి నా వల్లే ఇలా అయిందని ఒకటే ఏడుపు. ఆమె తప్పేముంది, వాళ్లమ్మ చెప్పిందే చేసింది. కానీ జ్వరమొచ్చిన పిల్లల్ని రుద్దుతూ పియాంగ్ తగ్గించామని వీడియోలు పెట్టేవాళ్లని చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది.

అలాగని హిలోట్ అంతా మూఢనమ్మకం అనేవాళ్ల మాట కూడా నేను ఒప్పుకోను. 1997లోనే సంప్రదాయ వైద్యం కోసం ఇక్కడ చట్టం చేశారు, హిలోట్ మసాజ్ నేర్చుకున్నవాళ్లకి టెస్డా అనే ప్రభుత్వ సంస్థ పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది. మా అత్తగారిది ఇక్కడే, ఆవిడ అరటాకు పీలికని మంట మీద వాడ్చి, నూనె రాసి, వీపు మీద మెల్లగా లాగుతారు. ఆకు అంటుకుపోయిన చోట లోపం ఉందంటారు. ఆకుతో రోగం తెలుస్తుందని నేననను. కానీ పట్టేసిన కండని ఆవిడ బొటనవేలు వెతికి పట్టుకునే తీరు ఏ కోర్సులోనూ నాకు దొరకలేదు. నడుం నొప్పికి కొన్నాళ్ల ఉపశమనం, మంచి నిద్ర, టెన్షన్ తగ్గడం, ఇవి మసాజ్ నిజంగా ఇస్తుంది. షుగర్‌ని, జరిగిన డిస్క్‌ని బాగుచెయ్యదు.

ఇక్కడ మెడిసిన్ చదివే మన తెలుగు పిల్లలు కూడా వస్తుంటారు. ఒకబ్బాయి చీలమండ వాచిపోయి కుంటుతూ వచ్చి, "అక్కా, నరం మీద నరం ఎక్కింది, మన పుత్తూరు కట్టులా హిలోట్‌తో సర్దేస్తారట కదా" అన్నాడు. నాలుగడుగులు వెయ్యమన్నాను, వెయ్యలేకపోయాడు. ఎక్స్‌రేలో ఎముక చిట్లింది. దాన్ని రుద్ది ఉంటే ఏమయ్యేదో అతనికి నేను చెప్పక్కర్లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తా. ఎంత నొప్పి పుడితే అంత మంచిదనేది అబద్ధం, ఓర్చుకోలేకపోతే ఆపమనండి. మసాజ్‌తో ఒంట్లో విషాలు పోవు. మసాజ్ అయ్యాక స్నానం చేస్తే పాస్మా అని ఇక్కడివాళ్లు నమ్మే జబ్బు వస్తుందని, చేతులు వణుకుతాయని భయపడొద్దు, గోరువెచ్చని నీళ్లు పోసుకోండి. కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందని పొట్ట నొక్కించుకోవద్దు, అది డాక్టర్ చూడాల్సిన పని. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వొద్దు, లోపల రక్తం గడ్డ ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకి చేరొచ్చు. అలాంటి కాలుతో నా దగ్గరికొచ్చినా నేను ముట్టుకోను, ముందు స్కాన్ చేయించుకు రమ్మంటాను.