ఒకసారి బయటికి వెళ్లొస్తే తొంభై రోజులు మళ్లీ మొదలవుతాయా?

బెంగళూరు ఎయిర్‌పోర్టులో చెకిన్ కౌంటర్ సిబ్బందికి పాస్‌పోర్టు, వీసా తనిఖీ నేర్పడం నా పని. నాకు తెలుగు వచ్చని తెలిస్తే చాలు, యూరప్‌లోని పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు ఒకటే అడుగుతారు: "యూరప్ వీసా మీద తొంభై రోజులే ఉండనిస్తారు సరే, మధ్యలో లండన్ వెళ్లొస్తే మళ్లీ కొత్తగా తొంభై రోజులు ఇస్తారట కదా?"

ఇవ్వరు. ఎవరు చెప్పినా నమ్మకండి. మీరు అక్కడ ఉండే ఏ రోజైనా సరే, ఆ రోజుతో కలిపి వెనక్కి 180 రోజులు చూస్తారు. వాటిలో షెంజెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి, లండన్ ఇందులో లేదు) 29 దేశాల్లో ఎక్కడున్నా అన్నీ కలిపి 90 దాటకూడదు. దిగిన రోజూ లెక్కే, బయల్దేరిన రోజూ లెక్కే. 2026 జనవరి 1న దిగి మార్చి 31 దాకా ఉంటే 90 అయిపోయినట్టు. మళ్లీ అడుగు పెట్టగలిగేది జూన్ 30న. ఒక్క రోజు ముందు దిగినా తప్పే.

ఐదేళ్ల వీసా ఉన్నా ఇదే లెక్క. 2024 ఏప్రిల్‌లో మనవాళ్లకు మల్టిపుల్ ఎంట్రీ వీసాలు తేలిక చేశాక ఈ గందరగోళం ఇంకా పెరిగింది. హిందూపురం నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. కూతురి పురిటికని మ్యూనిక్‌లో 85 రోజులు ఉండి, భర్త ఆబ్దికానికి ఇంటికొచ్చి, నెల తిరక్కుండా మళ్లీ బయల్దేరారు. రిటర్న్ టికెట్ రెండు నెలల తర్వాతకి. "ఏజెంటు పర్వాలేదన్నాడు నాయనా" అని ఏడ్చేశారు. ఆవిడ తప్పేముంది? కూతురికి ఫోన్ చేసి, తేదీలు రాసి చూపించి, ప్రయాణం వాయిదా వేయించాం. అలాగే వెళ్లి గడువు దాటి ఉండిపోతే జరిమానా, మళ్లీ రాకుండా నిషేధం, తర్వాతి వీసాకు తిప్పలు. "స్టాంపు ఎవరు చూస్తారులే" అనే ధైర్యం కూడా వద్దు. 2025 అక్టోబరు 12న మొదలైన ఈఈఎస్‌లో (రాకపోకలు నమోదు చేసే ఎంట్రీ/ఎగ్జిట్ సిస్టమ్) ఫొటో తీసుకుంటారు, వీసాకిచ్చిన వేలిముద్రలతో సరిచూస్తారు, రోజులు కంప్యూటరే లెక్కపెడుతుంది.

ఫలానా దేశంలో దిగితే తేలికంటారు. అన్నిచోట్లా షెంజెన్ బోర్డర్స్ కోడే, అంటే సరిహద్దు తనిఖీల ఉమ్మడి చట్టమే. సరిహద్దు అధికారుల శిక్షణకు ఉమ్మడి పాఠ్యప్రణాళికను వార్సాలోని ఫ్రాంటెక్స్ (యూరోపియన్ యూనియన్ సరిహద్దు సంస్థ) తయారుచేస్తుంది. అందుకే ఎక్కడ దిగినా దాదాపు అవే ప్రశ్నలు: ఎందుకొచ్చారు, ఎక్కడుంటారు, ఖర్చెలా, తిరిగి ఎప్పుడు?

వీసా ఉంటే ఆపరనేదీ నిజం కాదు, ఆపే అధికారం సరిహద్దు అధికారులకుంది. కానీ కారణం కాగితం మీద రాసివ్వాలి, అప్పీలుకు హక్కుంది. ఇంగ్లీషు రాకపోవడం ఆ కారణాల్లో లేదమ్మా, దానికి టెన్షన్ పడకండి. పిల్లల అడ్రసు, ఆహ్వాన పత్రం, ఇన్సూరెన్సు, రిటర్న్ టికెట్ ప్రింటు తీసి చేతిసంచిలో పెట్టుకోండి, చెకిన్ సూట్‌కేసులో కాదు.