హోటల్ గదిలో సొమ్ము పోతే: అపోహలు – వాస్తవాలు

వినియోగదారుల కేసులు వాదించే న్యాయవాదిని నేను. వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచే రోజుల్లో, మళ్లీ సంక్రాంతి తర్వాత, నా దగ్గరకు వచ్చే కక్షిదారుల్లో విహారయాత్రకు వెళ్లి హోటల్ గదిలో నగలో, నగదో, ల్యాప్‌టాపో పోగొట్టుకున్నవాళ్లు తప్పకుండా ఉంటారు. దాదాపు అందరిదీ ఒకే కథ. మేనేజర్‌కు చెప్పాం, ఆయన ఎంతో మర్యాదగా మాట్లాడాడు, విచారించి ఫోన్ చేస్తామని నంబరు తీసుకున్నాడు, ఇంతవరకు ఫోన్ రాలేదు. ‘మీరు రాసిచ్చిన కాగితం నకలు ఏదైనా ఉందా?’ అని అడిగితే భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ కాగితం లేకుండా చేసే అపోహ గురించే ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను. మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: మేనేజర్‌కు చెప్పాం కదా, హోటల్ వాళ్లే విచారించి తేలుస్తారు. సెలవుల్లో పోలీస్ స్టేషన్ ఎందుకు?

వాస్తవం: మేనేజర్ చెవిన వేసిన మాటకు ఏ వినియోగదారుల కమిషన్ ముందూ విలువ ఉండదు. రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నదే ఫిర్యాదు. హోటల్ జరిపే అంతర్గత విచారణ హోటల్ కోసం జరిగేది. దాని ఫలితం మీకు చెప్పాలన్న నియమం ఏదీ లేదు. రాజమహేంద్రవరం నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ టీచరు దంపతులు ఈ విచారణ కోసమే రెండు నెలలు ఎదురుచూశారు. చివరికి నేను లీగల్ నోటీసు పంపితే వచ్చిన జవాబు ఒక్క వాక్యం: ‘సదరు తేదీన మాకు అటువంటి ఫిర్యాదు ఏదీ అందలేదు.’ ఆ మాటను అబద్ధమని తేల్చే ఆధారం మా చేతిలో ఒక్కటీ లేకపోయింది. ఆ పెద్దావిడ పోయిన నాలుగు గాజుల కంటే ఎక్కువగా బాధపడింది ఆ వాక్యానికే.

ఎదురుచూసే ప్రతి రోజూ ఇద్దరు సాక్షులు చెరిగిపోతుంటారు. ఒకటి సీసీ కెమెరా. రికార్డరులో డిస్కు నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కుతాయి. చాలా హోటళ్లలో రెండు మూడు వారాలకో, నెలకో పాతది పూర్తిగా పోతుంది. రెండోది గది తలుపు తాళం. కార్డుతో తెరుచుకునే తాళం ఏ కార్డు ఏ తేదీన ఏ సమయానికి తనను తెరిచిందో తన జ్ఞాపకంలో దాచుకుంటుంది. మోడల్‌ను బట్టి కొన్ని వందల ప్రవేశాలు నిలుస్తాయి. ఆ తర్వాత పాతవి వరసగా రాలిపోతాయి. మీరు ఖాళీ చేసిన గదిలోకి మరుసటి రోజే వేరే కుటుంబం దిగుతుంది, పిల్లలు రోజంతా లోపలికీ బయటికీ తిరుగుతారు, మీ రోజు తాలూకు వివరాలు అడుక్కి జారిపోతాయి.

ఈ తాళం సంగతి చాలామందికి తెలియదు కాబట్టి, గుర్తుపట్టే వివరాలు మార్చి ఒక కేసు చెబుతాను. ఒంగోలు నుంచి గోవా వెళ్లిన కుటుంబం. సాయంత్రం బీచికి వెళ్లి తొమ్మిదింటికి తిరిగొచ్చేసరికి సూట్‌కేసు పక్క జేబులో పెట్టిన నల్లపూసల గొలుసు, రెండు గాజులు లేవు. మేనేజర్ వచ్చి, ఆ అంతస్తు శుభ్రం చేసే అమ్మాయిని పిలిపించి, వీళ్ల ఎదుటే నిలదీయడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల వణికిపోతోంది. నా కక్షిదారు బ్యాంకు ఉద్యోగి. స్ట్రాంగ్ రూమును ఎవరు ఎప్పుడు తెరిచారో నమోదు చేయడం ఆమెకు రోజువారీ పని. ‘ముందు ఈ తలుపు రికార్డు తీయించండి, తర్వాత మనుషులను అడుగుదాం’ అంది. తాళాల కంపెనీ వాళ్లు వస్తే తప్ప కుదరదన్నాడు మేనేజర్. ఆమె వాదించలేదు. అక్కడే తెల్లకాగితం మీద ఫిర్యాదు రాసి, రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడితో రిసెప్షన్ ముద్ర వేయించి, ఫోటో తీసుకుంది. పొద్దున్నే స్టేషన్‌కు వెళ్లింది.

మధ్యాహ్నం ఎస్‌ఐ వచ్చి అడిగితే కంపెనీ వాళ్ల అవసరమేమీ పడలేదు. హోటల్ సాంకేతిక సిబ్బందిలో ఒకరు అరచేతిలో పట్టే పరికరం తెచ్చి, తాళం అడుగున ఉన్న రంధ్రంలో వైరు గుచ్చి, కాసేపటికే వివరాలు బయటికి తీశాడు. ఉదయం 11.10కి హౌస్‌కీపింగ్ కార్డు. ఆ తర్వాత వీళ్ల కార్డులు. రాత్రి 7.42కి ఇదే గదికి చేసిన మూడో కార్డు, డూప్లికేటు. ఆ సమయానికి వీళ్లు బీచిలో ఉన్నారు, ఇచ్చిన రెండు కార్డులూ ఆమె పర్సులోనే ఉన్నాయి. రిసెప్షన్ కంప్యూటర్ చూస్తే ఆ డూప్లికేటు 7.36కి తయారైంది. ఎవడో వచ్చి గది నంబరు చెప్పి, కార్డు పోయిందంటే, గుర్తింపు కార్డు అడగకుండా ఇంకొకటి చేసి చేతిలో పెట్టారు. గది ఊడ్చిన అమ్మాయికి ఏ పాపమూ తెలియదు.

నగలు దొరకలేదు. అయితే ‘మాకు సంబంధం లేదు’ అంటూ వచ్చిన హోటల్, ఆ రీడింగు కాగితం జతచేసిన నోటీసు అందాక రాజీకి దిగి పరిహారం చెల్లించింది. రాజమహేంద్రవరం దంపతుల తలుపు తాళంలో కూడా ఇలాంటి వివరమే ఉండి ఉండవచ్చు. అడిగేవాళ్లు లేక అది చెరిగిపోయింది.

కాబట్టి సొమ్ము పోయిందని తెలిసిన గంటలోనే కాగితం అందుకోండి. తేదీ, సమయం, గది నంబరు, గదిలోంచి ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు వచ్చారు, ఏమేం పోయాయి అన్నవి రాయండి. చివర ఈ రెండు వాక్యాలు తప్పకుండా ఉండాలి: ‘మా గది తాళం రీడింగును, మా అంతస్తు వరండా, లిఫ్టు, రిసెప్షన్ కెమెరాల ఫుటేజీని చెరిగిపోకుండా భద్రపరచవలసిందిగా కోరుతున్నాను. భద్రపరచకపోతే దానిని సేవాలోపంగా కమిషన్ దృష్టికి తీసుకువెళతాను.’ ముద్ర వేయడానికి నిరాకరిస్తే అదే కాగితం ఫోటోను హోటల్ ఈమెయిల్‌కు, వాట్సాప్ నంబరుకు, గది బుక్ చేసిన యాప్‌కు పంపండి. పంపిన సమయం దానంతట అదే నమోదవుతుంది. ఫుటేజీ మీకు ఇవ్వకపోవచ్చు, ఇతర అతిథుల గోప్యత అంటారు. దాని మీద గొడవపడి సమయం పోగొట్టుకోవద్దు. పోలీసులు అడిగితే ఇచ్చి తీరాలి. కోర్టులో అది నిలబడాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం ఉండాలి. ఆ పని దర్యాప్తు అధికారి చూసుకుంటాడు.

పోలీసులంటే భయం నాకు అర్థం కాని విషయం కాదు. ఊరు కొత్త, భాష రాదు, పిల్లలు ఏడుస్తుంటారు, రాత్రి రైలుకు టికెట్లు ఉంటాయి. అయినా ఆ ఊళ్లోనే ఫిర్యాదు ఇవ్వండి, ఎందుకంటే తాళం అక్కడే ఉంది, కెమెరా అక్కడే ఉంది. ఏ మాత్రం వీలు కాకపోతే మీ ఊరు చేరిన రోజే ఇవ్వండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నాం. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో నమోదు చేయకపోతే అదే సమాచారాన్ని పోస్టులో ఎస్పీకి పంపండి, అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. మనుషులు నివసించే కట్టడంలో దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. ‘చిన్న విషయం, హోటల్ వాళ్లతో మాట్లాడుకోండి’ అని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

అపోహ: ‘విలువైన వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు’ అని బోర్డు ఉంది. సంతకం కూడా పెట్టాం. ఇక చేసేదేమీ లేదు.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. బోర్డు రాయించినంత మాత్రాన చట్టం మారదు. 1998 ఆగస్టు 1 రాత్రి ఢిల్లీలోని తాజ్‌మహల్ హోటల్‌కు ఒక అతిథి మారుతి జెన్ కారులో వచ్చి, తాళాలు హోటల్ సిబ్బందికి ఇచ్చి లోపలికి వెళ్లాడు. అర్ధరాత్రి దాటాక బయటికి వస్తే కారు లేదు. పార్కింగ్ చీటీ వెనుక యజమాని సొంత బాధ్యతే అన్న షరతు అచ్చువేసి ఉంది. బీమా కంపెనీ అతనికి 2.80 లక్షలు చెల్లించి హోటల్ మీద ఫిర్యాదు వేసింది. 2019 నవంబరు 14న సుప్రీంకోర్టు హోటల్ అప్పీలును కొట్టివేసింది. వస్తువును హోటల్ తన అధీనంలోకి తీసుకున్నాక అది పోతే, తగిన జాగ్రత్త తీసుకున్నామని హోటలే చూపాలి, సొంత నిర్లక్ష్యాన్ని అచ్చువేసిన షరతు చాటున దాచుకోలేదు అన్నది ఆ తీర్పు సారం.

అయితే ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఆ కారు హోటల్ చేతికి ఇచ్చినది. గదిలో సూట్‌కేసులో మీరే ఉంచుకున్న గొలుసు అలాంటిది కాదు. అక్కడ నిర్లక్ష్యాన్ని మనం చూపాలి. గుర్తింపు అడగకుండా ఇచ్చిన డూప్లికేటు కార్డు, బిగుసుకోని బాల్కనీ తలుపు, పని చేయని కెమెరా, అడిగినా భద్రపరచని ఫుటేజీ, ఇవీ మన ఆయుధాలు. పైన కాగితం గురించి అంతసేపు చెప్పింది ఇందుకే.

అపోహ: గదిలో లాకర్ ఉంది, నంబరు నాకు తప్ప ఎవరికీ తెలియదు.

వాస్తవం: అతిథులు నంబరు మరచిపోవడం అన్ని హోటళ్లలోనూ జరిగేదే. అందుకే ఆ లాకర్లను తెరిచే మాస్టర్ కోడో, అత్యవసర తాళమో సిబ్బంది దగ్గర ఉంటుంది. కొన్నిచోట్ల బిగించిన నాటి మాస్టర్ కోడును మార్చనే మార్చరు. పాస్‌పోర్టు, కాస్త నగదు అందులో పెట్టుకోండి. నిజంగా విలువైన నగ తీసుకువెళ్లక తప్పకపోతే, పెళ్లికి వెళ్లేవాళ్లకు తప్పదు, రిసెప్షన్‌లో అప్పగించి వివరాలతో రసీదు తీసుకోండి. రసీదు చేతిలో పడగానే మీ గొలుసు కూడా ఆ ఢిల్లీ కారు కోవలోకి వస్తుంది.

అపోహ: కేసు వేయాలంటే మళ్లీ ఆ ఊరికి తిరగాలి, లాయరు ఖర్చుకే సగం పోతుంది.

వాస్తవం: పాత చట్టంలో ఆ ఇబ్బంది ఉండేది. 2020 జులై నుంచి అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే లేదా ఉద్యోగం చేసే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. గోవాలో పోయిన గొలుసుకు ఒంగోలులో వేయవచ్చు. సేవకు మీరు చెల్లించిన మొత్తం, అంటే గది అద్దె, 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. నగ ఖరీదుతో దానికి సంబంధం లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, వీడియో ద్వారా విచారణ కోరవచ్చు. గడువు రెండేళ్లు. అంతకంటే ముందు 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయండి, కొన్ని హోటళ్లు ఆ దశలోనే దారికొస్తాయి.

మిగతావి క్లుప్తంగా. బిల్లు కట్టకుండా నిరసన తెలపాలనుకోకండి, మీ మీదే ఫిర్యాదు చేసే అవకాశం హోటల్‌కు మీరే ఇచ్చినట్టవుతుంది. కట్టి, బిల్లు మీద ‘దొంగతనంపై ఫిర్యాదు పెండింగులో ఉంది’ అని రాసి ఫోటో తీసుకోండి. శుభ్రం చేసేవాళ్ల మీద పేరు పెట్టి నింద వేయకండి, వాళ్ల సంచులు వెతకకండి. నగకు కొన్న రసీదు లేకపోతే కేసు లేదనుకోకండి, మెడలో ఆ గొలుసు కనిపించే పెళ్లి ఫోటోలు కూడా ఆధారమే. పోయినదానికి లేనిది కలిపి చెప్పడం మాత్రం వద్దు, ఒక్క అంకె తప్పని తేలితే మిగిలిన నిజాన్ని కూడా నమ్మరు. ఫోన్ పోతే ఎఫ్‌ఐఆర్ నకలుతో సంచార్ సాథీ పోర్టల్‌లో దాన్ని పనిచేయకుండా ఆపించండి.

విదేశాల్లో ఉన్న మన పిల్లల దగ్గరకు వెళ్లేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. చాలాచోట్ల అక్కడి చట్టాలు హోటల్ బాధ్యతకు పరిమితి పెడతాయి. బ్రిటన్‌లో 1956 నాటి చట్టం ప్రకారం హోటల్ నోటీసు సరిగా ప్రదర్శించి ఉంటే ఒక్కో వస్తువుకు 50 పౌండ్లు, మొత్తం మీద 100 పౌండ్లే పరిమితి. సిబ్బంది నిర్లక్ష్యం వల్ల పోయినా, భద్రపరచమని అప్పగించినవి పోయినా ఆ పరిమితి వర్తించదు. న్యూయార్క్ రాష్ట్రంలో హోటల్ భద్రపేటిక ఏర్పాటు చేసి నోటీసు పెట్టాక అందులో దాచని నగలకు సాధారణంగా బాధ్యత ఉండదు. గది తలుపు వెనుక అతికించిన ఆ కాగితాన్ని దిగిన రోజే చదవండి. పాస్‌పోర్టు పోతే స్థానిక పోలీసు రిపోర్టుతో భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలి, కొత్తది అందేలోగా తిరుగు ప్రయాణానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. ప్రయాణ బీమా వాళ్లూ అదే రిపోర్టు అడుగుతారు, కాబట్టి ఇంకో నకలు తీసి దగ్గర ఉంచుకోండి.