డైరెక్టరీలో ఎంట్రీలు చేర్చే స్క్రిప్టులు: అపోహలు - వాస్తవాలు

రాత్రి స్క్రిప్ట్ నడిచింది. పొద్దున చూస్తే సగం మంది యూజర్లు డైరెక్టరీలో (సంస్థలోని యూజర్ల వివరాలు ఉండే చోట) లేరు. వెంటనే వినిపించే మాట, "సర్వర్‌లో ఏదో తేడా ఉంది." ఏళ్ల తరబడి ఇలాంటి డైరెక్టరీలను నడిపే ఎల్‌డ్యాప్ సర్వర్లతోనే నా పని. నేను చూసినంతలో సర్వర్ తన అభ్యంతరం చెప్పే ఊరుకుంటుంది: ఒక ఎర్రర్ నంబరు, చాలాసార్లు పక్కనే ఒక వివరం. ఆ వివరాన్ని మింగేసేది మన స్క్రిప్టే. లాగ్‌లో "ఫెయిల్" అని ఒక్క ముక్క రాసి ముందుకు వెళ్లిపోతుంది. అందుకే ఎవరు సాయం అడిగినా, సర్వర్ పంపిన పూర్తి మెసేజ్ చూపించమంటాను.

అపోహ: 32 వచ్చిందంటే నేను చేరుస్తున్న ఎంట్రీ గురించే.

32 అంటే "అలాంటి ఆబ్జెక్ట్ లేదు". కొత్తగా చేర్చేది ఎలాగూ ఉండదు కదా, మరి ఈ ఎర్రర్ ఏంటని చాలామంది తికమకపడతారు. లేనిది దాని పేరెంట్, అంటే దానికి పైనుండాల్సిన ఎంట్రీ. యూజర్‌ని పెట్టాల్సిన ఓయూ (ఫోల్డర్ లాంటి విభాగం) ఇంకా తయారు కాలేదు, లేదా దాని పేరులో ఒక అక్షరం తప్పింది. ఎర్రర్‌తో పాటు వచ్చే "మ్యాచ్డ్ డీఎన్" చూడండి (డీఎన్ అంటే డైరెక్టరీలో దారితో సహా ఎంట్రీ పూర్తి పేరు). దారి ఎక్కడిదాకా ఉందో, ఎక్కడ తెగిందో అదే చెబుతుంది. చేర్చాల్సిన ఎంట్రీలు రాసే ఎల్‌డిఫ్ ఫైల్‌లో పైస్థాయి ఎంట్రీలు ముందు, కింది స్థాయివి తర్వాత రావాలి. సర్వర్ మీ కోసం వరస మార్చదు.

అపోహ: ఖాళీ లైన్ అంటే ఖాళీ లైనే.

ఇది నాకు ఒక పూట పట్టింది. ఫైల్‌లో రెండు ఎంట్రీల మధ్య ఖాళీ లైన్ కనిపిస్తోంది, సర్వర్ మాత్రం 17 ఇస్తోంది: "డీఎన్" అనే అట్రిబ్యూట్ టైప్ (ఎంట్రీలోని పేరు, ఫోన్ లాంటి వివరం రకం) తెలియదట. ప్రతి ఎంట్రీ మొదట్లో ఉండేదే డీఎన్, అది తెలియకపోవడమేంటి? కనిపించని అక్షరాలను చూపించే మోడ్‌లో ఫైల్ తెరిస్తే, ఆ ఖాళీ లైన్‌లో ఒక స్పేస్ ఉంది. ఎల్‌డిఫ్ ఫైల్‌లో స్పేస్‌తో మొదలయ్యే లైన్ పై లైన్‌కి కొనసాగింపు. దాంతో రెండు ఎంట్రీలు ఒకటైపోయి, రెండో డీఎన్ మొదటి మనిషికి అట్రిబ్యూట్‌గా వెళ్లింది. ఈ నియమం ఎల్‌డిఫ్ ప్రమాణమైన ఆర్‌ఎఫ్‌సీ 2849లో 2000 నుంచీ ఉంది.

ఆ ప్రమాణమే తెలుగు పేర్లలాంటి ఆస్కీ (మామూలు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు) కాని విలువలను బేస్64 అనే ఎన్‌కోడింగ్‌లో, రెండు కోలన్‌లతో రాయమంటుంది. బేస్64 తయారుచేసేటప్పుడు మామూలు ఎకో కమాండ్ వాడితే చివర న్యూలైన్ కూడా చేరిపోతుంది. పాస్‌వర్డ్ విషయంలో ఇది మరీ ఇబ్బంది: ఎంట్రీ చక్కగా చేరుతుంది, పాపం యూజర్‌కి మాత్రం లాగిన్‌లో 49 (పాస్‌వర్డ్ సరిపోలేదు) వస్తుంది. ఎకో బదులు ప్రింట్‌ఎఫ్ వాడండి.

అపోహ: 68ని పట్టించుకోనక్కర్లేదు, ఎలాగూ ఉన్న ఎంట్రీయే.

నాకు బాగా టెన్షన్ పెట్టే అలవాటు ఇదే. 68 చెప్పేది ఆ డీఎన్‌తో ఒక ఎంట్రీ ఉందని మాత్రమే. అందులో ఉన్నది అదే మనిషి అని చెప్పదు. యాడ్ (ఎంట్రీ చేర్చే ఆదేశం) ఎప్పుడూ పాతదాని మీద రాయదు. అదే యూజర్ ఐడీతో వేరే మనిషి ఎంట్రీ ముందే ఉంటే, కొత్తవారు అసలు చేరరు, స్క్రిప్ట్ మాత్రం అంతా బాగుందంటుంది. 68 వస్తే ఉన్న ఎంట్రీని చదివి, ఉద్యోగి నంబరు లాంటిది పోల్చి చూడాలి.

68 రాకపోతే డూప్లికేట్ లేదనీ కాదు. సర్వర్ స్వయంగా చూసేది డీఎన్ ఒక్కటే. ఒకే యూఐడీ నంబరుతో ఇద్దరిని వేర్వేరు పేర్లతో చేర్చండి, ప్రత్యేకంగా యూనిక్‌నెస్ నియమం పెట్టి ఉంటే తప్ప ఇద్దరూ చేరిపోతారు. లినక్స్ మెషిన్‌లో ఫైల్ ఓనర్‌ని గుర్తించేది ఆ నంబరుతోనే. ఒకరి ఫైళ్లు ఇంకొకరికి తెరుచుకుంటాయి.

అపోహ: డ్రై రన్ (నిజంగా చేర్చకుండా నడిపి చూడటం) పాసైతే చాలు.

ఎంట్రీలు చేర్చే ఓపెన్‌ఎల్‌డ్యాప్ కమాండ్ ఎల్‌డ్యాప్‌యాడ్‌లో, డ్రై రన్ కోసం వాడే ఎన్ ఆప్షన్ మార్పులను సర్వర్‌కి పంపదు. ఐనెట్‌ఆర్గ్‌పర్సన్‌కి (మనుషుల ఎంట్రీలకు వాడే రకం) ఇంటిపేరు మరిచిపోయారా (65), మీకు రాసే అనుమతి ఉందా (50) అన్నవి తేల్చేది సర్వరే. అదే స్కీమా (ఎంట్రీలో ఏమేం ఉండాలో చెప్పే నియమాలు), అవే అనుమతులు ఉన్న టెస్ట్ సర్వర్ మీద పది ఎంట్రీలు నిజంగా చేర్చి చూడండి.

అపోహ: బైండ్ (సర్వర్‌లోకి లాగిన్) అయిందంటే అడ్మిన్‌గా లోపలికి వెళ్లినట్టే.

పాస్‌వర్డ్ వేరియబుల్ ఖాళీగా వెళ్లినప్పుడు కొన్ని సర్వర్లు తిరస్కరించవు, అజ్ఞాత యూజర్‌గా లోపలికి రానిస్తాయి. తర్వాత ప్రతి ఎంట్రీకీ అనుమతి లేదనే జవాబు వస్తే, మనం అనుమతుల జాబితా తిరగేస్తూ కూర్చుంటాం. ముందు ఎల్‌డ్యాప్‌హూయామ్‌ఐ కమాండ్ నడిపితే మీరెవరో సర్వరే చెబుతుంది.

అపోహ: ఎల్‌డ్యాప్‌యాడ్‌కి సి ఆప్షన్ పెడితే సమస్య తీరినట్టే.

ఎర్రర్ వచ్చినా ఆగకుండా మిగతావి చేరుస్తుంది, అంతే. దానితో పాటు పెద్ద ఎస్ ఆప్షన్‌తో ఒక ఫైల్ పేరు ఇవ్వండి. తిరస్కరించిన ఎంట్రీలన్నీ, సర్వర్ చెప్పిన కారణం కామెంట్‌గా సహా, అందులో పడతాయి. తప్పు దిద్ది ఆ ఫైల్‌నే మళ్లీ ఎక్కించవచ్చు.