పాత లీవర్ రైఫిళ్ల పునరుద్ధరణ: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో లైసెన్సు తీసుకుని తుపాకులు మరమ్మతు చేయడం నా వృత్తి. వాటిలో పాత లీవర్ యాక్షన్ రైఫిళ్లంటే నాకు ప్రాణం. ట్రిగ్గర్ కింద ఉన్న మీటను ముందుకు తోసి వెనక్కి లాగితే కాలిన తూటా ఎగిరిపడి కొత్తది పేలే చోటైన గదిలోకి (చాంబర్) చేరుతుంది. అమెరికా కంపెనీ వించెస్టర్ తయారుచేసిన 1873, జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1892, 1894 మోడళ్లు ఈ కోవలో పేరుమోసినవి. మన వైపు ఇవి చాలా అరుదు, ఎక్కడో ఒక పాత కుటుంబంలో కనిపిస్తాయి. నా బల్ల మీదికి వచ్చే పాత తుపాకులకు తుప్పు వల్ల జరిగిన నష్టం కంటే, బాగుచేద్దామన్న తొందరలో జరిగిన నష్టమే ఎక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: నూరేళ్లు దాటిన తుపాకీ పురావస్తువు, దానికి లైసెన్సు అక్కర్లేదు.

వాస్తవం: చట్టం చూసేది వయసును కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం 45వ సెక్షన్ ప్రకారం, పాత నమూనాదైనా, పురావస్తు విలువ ఉన్నదైనా, పాడైపోయినదైనా, మరమ్మతు చేసినా సరే తుపాకీగా ఇక పనికిరాదన్నప్పుడే మినహాయింపు. మీట సాఫీగా ఆడే 1892 మోడల్ వించెస్టర్‌కు అది వర్తించదు. తాతగారి పేరున ఉన్న తుపాకీని ఆయన పోయాక అటక మీద దాచడం నేరం. పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర గానీ జమ చేసి, వారసుల పేరిట దరఖాస్తు పెట్టుకోవాలి. విజయవాడలో అయితే పోలీస్ కమిషనర్‌కు, గుంటూరులో అయితే కలెక్టర్‌కు. మరమ్మతుకూ లైసెన్సు కావాలి. యజమాని తుడుచుకోవచ్చు, నూనె పెట్టుకోవచ్చు. గొట్టం పొట్టి చేయడం, నంబరు చెరపడం మాత్రం తీవ్రమైన నేరాలు. కాగితాలు సరిగా లేని తుపాకీని నేను విప్పను.

అపోహ: తళతళలాడేలా మెరుగు పెట్టిస్తే విలువ పెరుగుతుంది.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ఆటోనగర్‌లో బైకు భాగాలకు బఫింగ్ చేసే చక్రం మీద రైఫిల్ రిసీవర్‌ను (లోపలి యంత్రాంగాన్ని పట్టి ఉంచే లోహపు పెట్టెను) పెట్టించి తెచ్చినవారు ఉన్నారు. చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టి చూస్తే జరిగిందంతా కనిపిస్తుంది. నిటారుగా ఉండాల్సిన అంచులు సబ్బుబిళ్ల అంచుల్లా గుండ్రబడ్డాయి. స్క్రూ తలల చుట్టూ లోహం గుంటలు పడింది. కంపెనీ ముద్రలో అక్షరాల కాళ్లు సగం అరిగిపోయాయి. పోయిన లోహాన్ని ఎవరూ తిరిగి తేలేరు. సేకరించేవారికి, చేతులు తగిలి తగిలి గోధుమ రంగుకు తిరిగిన అసలు ఉపరితలమే ముఖ్యం. పైపై తుప్పుకు మంచి నూనె, సున్నా నాలుగు రకం ఉక్కు పీచు, ఓపిక ఉంటే చాలు.

స్క్రూల విషయంలోనూ అంతే. పాత వించెస్టర్ స్క్రూల గాడి సన్నగా ఉంటుంది. మామూలు స్క్రూడ్రైవర్ మొన ఏటవాలుగా ఉండడంతో గాడి అంచులపైనే ఒత్తి, జారి, తలను చీల్చేస్తుంది. మొన రెండు వైపులా సమాంతరంగా ఉండి, గాడి నిండా కూర్చోవాలి. ఒక్కో గాడికి సరిపడేలా మొనను సానబెట్టుకోవడంతోనే నా పని మొదలవుతుంది.

అపోహ: నీలి రంగు ఏ పద్ధతిలో వేసినా ఒకటే.

వాస్తవం: ఆ నీలి నలుపు పైపూత కాదు, అదుపులో పెట్టిన తుప్పు. పాత పద్ధతిలో ఉక్కును సన్నగా తుప్పు పట్టనిచ్చి, నీళ్లలో మరిగిస్తారు. ఎర్రటి ఆక్సైడ్ నల్లటి ఆక్సైడ్‌గా మారుతుంది. వదులుగా ఉన్నదాన్ని పీచుతో రుద్ది, మళ్లీ మొదలుపెట్టాలి. దీనికి గాలిలో తేమ కావాలి, కాబట్టి తుపాకులకు శత్రువైన మన వానాకాలం ఈ పనికి మాత్రం సాయపడుతుంది. వేడి కాస్టిక్ లవణాల పద్ధతి త్వరగా అయిపోతుంది గానీ, జంట గొట్టాల షాట్‌గన్‌ను అందులో ముంచితే గొట్టాలను కలిపే టంకాన్ని అది తినేస్తుంది. అసలు రంగు కొంతైనా మిగిలి ఉన్న రైఫిల్‌కు ఏ పద్ధతీ వద్దనే చెబుతాను.

అపోహ: కొయ్యకు వార్నిష్ కొడితే కొత్తదైపోతుంది.

వాస్తవం: పాత వాల్‌నట్ కొయ్యకు అవిసె నూనె చాలు. చుక్క చుక్కగా అరచేత్తో రుద్ది, ఆరనిచ్చి, మళ్లీ రుద్దాలి. నొక్కుడు పడిన చోట తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి పీచు ఉబ్బి పైకి లేస్తుంది. చెక్క ఊడిపోయిన చోట ఇది పనిచేయదు. ఒక హెచ్చరిక: అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా తీగ మీద ఆరేయండి.

అపోహ: తోలు సంచిలో పెట్టి, గొట్టం మూతికి గుడ్డ కుక్కితే తేమ చేరదు.

వాస్తవం: తోలూ గుడ్డా రెండూ తేమను పీల్చుకుని ఇనుముకు ఆనిస్తాయి. కృష్ణ ఒడ్డున ఉండేవారికి ఇది మరీ ముఖ్యం. ఎన్నికల కోడ్ వచ్చి తుపాకీ జమ చేయాల్సి వస్తే, ముందురోజే లోపలా బయటా పలుచగా నూనె పూయండి, మూతి తెరిచి ఉంచండి.

అపోహ: గదిలో పట్టిన తూటా పేల్చవచ్చు.

వాస్తవం: 1873, 1892 మోడళ్లు రెండింటిలోనూ 44-40 తూటా పడుతుంది. కానీ 1873 మోడల్‌లో తూటాను వెనుక నుంచి మూసే బోల్టును ఆపేది మోకాలి కీలు లాంటి అమరిక. 1892లో రెండు బలమైన లాకులు ఉన్నాయి. దానికోసం ఎక్కువ మందుతో చేసిన తూటాలు 1873కు పనికిరావు. తూటాలు నిల్వ ఉండే మ్యాగజీన్ గొట్టం ఆకారంలో ఉన్న రైఫిల్‌లో తూటాలు ఒకదాని వెనుక ఒకటి వరుసగా ఉంటాయి, ఒకదాని మొన ముందున్నదాని ప్రైమర్‌కు, అంటే దెబ్బకు నిప్పు రాజేసే అడుగు బిళ్లకు ఆనుతుంది. గట్టి మొనతేలిన బుల్లెట్లు వేస్తే కుదుపుకు లోపలే పేలవచ్చు. అందుకే 30-30 అనే తూటాకు చదును మొన గానీ గుండ్రటి మొన గానీ వాడతారు. వించెస్టర్ 1895కు పెట్టె మ్యాగజీన్ ఉంది కాబట్టి దానికి ఈ ఇబ్బంది లేదు.