పదమూడేళ్ల వయసు హద్దు ఎక్కడి నుంచి వచ్చింది?

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ దేనిలోనైనా ఖాతా తెరవాలంటే 13 ఏళ్లు నిండాలి. ఆ వయసుకు పిల్లల మనసు వీటికి సిద్ధమవుతుందని డాక్టర్లెవరో తేల్చి ఉంటారని చాలామంది తల్లిదండ్రులు నమ్ముతారు. ఎవరూ తేల్చలేదు. 1998 అక్టోబరులో అమెరికా కాంగ్రెస్ ఆమోదించిన ‘కోపా’ (COPPA, ఆన్‌లైన్‌లో పిల్లల గోప్యతా రక్షణ చట్టం) నుంచి వచ్చిన అంకె అది. అప్పటికి ఫేస్‌బుక్ పుట్టనే లేదు. ఆటల సైట్లు, బొమ్మల కంపెనీల సైట్లు పిల్లల చేత పేరు, చిరునామా, ఇంట్లోవాళ్ల వివరాలు రాయించుకుని వ్యాపారానికి వాడుకుంటుంటే అడ్డుకోవడానికి తెచ్చిన చట్టం.

మొదట 16 ఏళ్లు అన్న ప్రతిపాదనే ఉంది. ఆన్‌లైన్ వ్యాపార సంస్థలు ఒప్పుకోలేదు. ఆరోగ్యం వంటి సున్నితమైన విషయాలు తెలుసుకోవడానికి కూడా టీనేజీ పిల్లలు ఇంట్లో అనుమతి అడగాల్సి వస్తుందని పౌరహక్కుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. చివరికి బేరం 13 దగ్గర తెగింది. 2000 ఏప్రిల్ 21 నుంచి చట్టం అమలైంది.

అసలు చిక్కు అంకెలో కంటే అమలు తీరులో ఉంది. అందరి కోసం నడిపే సైటు అయితే, వాడుతున్నది 13 లోపు పిల్లలని కంపెనీకి నిజంగా తెలిసినప్పుడే బాధ్యత పడుతుంది. కాబట్టి పుట్టిన తేదీ అడిగి, చెప్పింది నమ్మేసి ఊరుకుంటే కంపెనీకి క్షేమం. 2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్ 13 దాటిన అందరికీ తలుపులు తెరిచినప్పుడూ కాపలా ఆ తేదీ గడే. ఎనిమిదేళ్ల పాప సంవత్సరం మార్చి కొడితే ఖాతా తెరుచుకుంటుంది.

ఆ అబద్ధం అక్కడితో ఆగదు, ఏటా పాపతో పాటే పెరుగుతుంది. ఎనిమిదేళ్లకు 13 అని రాసిన పాప, నిజంగా 13కి వచ్చేసరికి కంపెనీ లెక్కలో 18 నిండిన మేజరు. 2024 సెప్టెంబరులో ఇన్‌స్టాగ్రామ్ టీన్ అకౌంట్లు తెచ్చింది. 2025 ఫిబ్రవరిలో మన దేశానికీ వచ్చాయి. వాటిలో ఖాతా తనంతట తానే ప్రైవేటుగా ఉంటుంది, తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు, రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా నోటిఫికేషన్లు మోగవు, 16 లోపువాళ్లు వీటిని సడలించాలంటే పెద్దల అనుమతి కావాలి. మంచి ఏర్పాట్లే. కానీ తేదీ తప్పుగా ఉన్న పాపకు ఇవేవీ దక్కకపోవచ్చు.

మన ఇళ్లలో మరో సంగతి ఉంది. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకైంది. 2020లో బడులు మూతపడ్డాయి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ ఛానెళ్లతో పాటు ఫోన్లలోనూ పాఠాలు మొదలయ్యాయి. అప్పుడు పిల్లల చేతికొచ్చిన ఫోన్ చాలా ఇళ్లలో అమ్మదో నాన్నదో. యూట్యూబ్ వాళ్ల జీమెయిల్‌తోనే నడుస్తుంది. వయసు అడిగే తెర ఆ పిల్లలకు ఎదురుపడనే పడదు.

టిక్‌టాక్ సంగతీ గుర్తు చేసుకోవాలి. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి పిల్లల భద్రత దృష్ట్యా డౌన్‌లోడ్లు ఆపమంది, మూడు వారాల్లో ఆంక్ష ఎత్తేసింది. 2020 జూన్ 29న కేంద్రం విధించిన నిషేధానికి కారణం దేశ భద్రత. ఆ జులైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలోకి దిగాయి. యాప్ పోయింది, పిల్లల అలవాటు కొత్త చోటికి మారింది.

మన చట్టంలో ఈ వయసు హద్దు 18 దగ్గర ఉంది. పిల్లల ఎదుగుదల దృష్ట్యా 18 ఎక్కువేనని డేటా రక్షణ చట్టం ముసాయిదా రాసిన 2018 నాటి శ్రీకృష్ణ కమిటీకీ అనిపించింది. కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరు ఒప్పందం చెల్లదు కాబట్టి దాన్నే ఉంచింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా 18 లోపు పిల్లల డేటా వాడాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి ఉండాలంటోంది. ఉల్లంఘిస్తే రూ.200 కోట్ల దాకా జరిమానా. 2025 నవంబరులో నిబంధనలు నోటిఫై అయ్యాయి. సమ్మతి భాగానికి 18 నెలల గడువుంది.

సమ్మతి ఇచ్చేది పెద్దవాళ్లేనని కంపెనీ తన దగ్గరున్న వివరాలతోనో, డిజిలాకర్ వంటి చోటి నుంచి వచ్చే వయసు ధ్రువీకరణ టోకెన్‌తోనో నిర్ధారించుకోవాలి. అమ్మ ఫోన్‌కొచ్చే ఓటీపీని కూతురే చదివి కొట్టే ఇళ్లలో ఇదెంత నిలుస్తుందన్నది మా బెంగ. పిల్లల కదలికల్ని గమనించి ప్రకటనలు గురిపెట్టకూడదన్న నిబంధన అదే చట్టంలో ఉంది. అది తల్లిదండ్రుల నైపుణ్యం మీద ఆధారపడదు, అందుకే దాన్నే ఎక్కువ విలువైనదిగా చూస్తాం.

ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 లోపువాళ్ల ఖాతాలు ఆపించే భారం కంపెనీల మీదే పెట్టింది. జరిమానా 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా. పిల్లలకు, తల్లిదండ్రులకు శిక్ష లేదు. 2026 జనవరిలో ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ ఇటువంటి ఆలోచన తమకూ ఉందన్నారు.

చట్టాలు కుదురుకునేలోగా ఇంట్లో చేయదగిన మొదటి పని తేదీ సరిచూడటం. ఇన్‌స్టాగ్రామ్‌లో అకౌంట్స్ సెంటర్, పర్సనల్ డీటెయిల్స్, బర్త్‌డే. గూగుల్‌లో పర్సనల్ ఇన్ఫోలో ఉంటుంది. 13 నిండినవాళ్లకు సరిదిద్దితే టీన్ రక్షణలు వర్తిస్తాయి. నిండనివాళ్ల నిజమైన తేదీ కొడితే ఇన్‌స్టాగ్రామ్ ఖాతా మూతపడుతుంది. గూగుల్ ఖాతాను ఫ్యామిలీ లింక్ కింద పెద్దల పర్యవేక్షణలోకి తేకపోతే అదీ నిలిచిపోతుంది. అందుకే బడి ఫైళ్లు, ఫొటోలు ముందుగా దింపుకుని ఆ తర్వాతే తేదీ మార్చాలి.